తీగ లేకుండా వెలిగిన ట్యూబులైటు

ఏయ్, ఆ మూల గుసగుసలు ఆపండి! చంకలో పిల్ల ఉన్నామె ముందుకు రండి, గురక పెట్టే అలవాటున్నాయన వెనక్కి వెళ్ళండి. సర్దుకున్నారా? అయితే ఇటు చూడండి. పిచ్చుక వేలికి ఉంగరం కాలుతోంది.

పిచ్చుక అంటే రెయిన్‌కోట్ల ఫ్యాక్టరీలో మిషను మీద పనిచేసే అమ్మాయి. కాలితో పెడలు తొక్కితే ఇత్తడి అచ్చు ప్లాస్టిక్ షీటు మీదికి దిగుతుంది. కంటికి కనిపించని తరంగాలేవో రెండు పొరల్నీ కరిగించి అతికిస్తాయి. నాలుగంటే నాలుగు సెకన్లు. ఆ నాలుగు సెకన్లూ ఆమె వేలి ఉంగరం సుర్రుమంటుంది. అతుకు కోటుకి, వాత వేలికి!

ఇంకొకరైతే ఉంగరం తీసి జేబులో వేసుకునేవారే. పిచ్చుకకి ఐదో నెల. అంతకుముందు ఒక కడుపు మూడో నెలలోనే పోయింది. ఉంగరాన్ని కాల్చే సెగ కడుపులోని నలుసుని మాత్రం వదిలిపెడుతుందా? ఆ ఆలోచన వచ్చిన రోజు నుంచి ఆమెకి ముద్ద మింగుడు పడలేదు.

ఓనరుకి చెబితే ఇకిలించాడు.

"ఉంగరం కాలుతోందా? బంగారం నకిలీదేమో, మీ ఆయన్ని అడుగు!"

మర్నాడు మధ్యాహ్నం, కరెంటు పని చేసే మరిది తువ్వాలులో చుట్టిన పొడవాటి వస్తువుతో వచ్చాడు.

"ఇది మాడిపోయిన ట్యూబులైటు ఓనరుగారూ. తీగ లేదు, హోల్డరు లేదు. మీ మిషను మంచిదైతే ఇది ఇలాగే చచ్చి పడుంటుంది."

"చచ్చిన ట్యూబు లేచి కూర్చుంటుందేంటయ్యా?"

"లోపలి తీగ తెగినా గ్యాసు ఉంటుంది. తరంగాలు బయటికి కారుతుంటే ఆ గ్యాసే వెలుగుతుంది. తొక్కు వదినా."

పిచ్చుక తొక్కింది.

మరిది చేతిలో ట్యూబు తెల్లగా వెలిగింది. అంగుళం తీగ లేదు. పట్టపగలు, పదిమంది చూస్తుండగా వెలిగింది. అతను దాన్ని మెల్లగా ఆమె కడుపు దగ్గరికి తెచ్చాడు. ఇంకా వెలిగింది. టీ పెట్టే పెద్దమ్మ చేతిలోని పళ్ళెం కింద పడి, గ్లాసులు గేటు దాకా దొర్లుకుంటూ పోయాయి.

పిచ్చుక కాలు పెడలు మీద నుంచి జారింది. ట్యూబు చచ్చిపోయింది. ఓనరు నవ్వు కూడా.

"దీని ముందు తరంగాల్ని ఆపే రేకు అడ్డు ఉండాలే, ఏదీ?" అన్నాడు మరిది.

"అదుంటే పని చురుగ్గా సాగట్లేదని తీయించా. పాత ఇనుములో పోయింది. కొత్తది చేయిస్తాలేవయ్యా! అందాకా దీని మీద మా బావమరిదిని కూర్చోబెడతా. వాడికి కొత్తగా చెడేదేం లేదు. నువ్వు ప్యాకింగు బల్ల దగ్గరికి పో అమ్మాయ్."

ప్యాకింగు బల్ల ప్లైవుడ్డు గోడకి అవతలి పక్కన ఉంది. పిచ్చుక కదల్లేదు.

"ఆ చెక్క గోడని అది దాటదా?" అంది.

"ట్యూబునే అడుగుదాం వదినా. అక్కడా వెలిగిందంటే ఈ క్షణమే ఇంటికి పోదాం, పనీ వద్దు, గినీ వద్దు." మరిది ఓనరు వైపు తిరిగాడు. "మీరు మిషను జోలికి పోకుండా నా పక్కనే నిలబడండి. పెడలు మన మనిషి తొక్కాలి. పెద్దమ్మా, నువ్వు రా."

పెద్దమ్మ అంటే పిచ్చుకకి కన్నతల్లి కంటే ఎక్కువ. వేవిళ్ళప్పుడు తల పట్టుకున్నదీ, నిమ్మరసం తాగించినదీ ఆమే. ఇప్పుడు పిచ్చుక గడ్డం పట్టుకుని చూసింది.

"మొహంలో నెత్తురుచుక్క లేదు కదే తల్లీ! ఇట్లా దడుచుకుంటే బిడ్డకి మంచిదా?"

"ముందు పోయి తొక్కు పెద్దమ్మా," అన్నాడు మరిది.

ముగ్గురూ గోడ అవతలికి వెళ్ళారు. గాలి కంప్రెసరు మోతకి పక్క వీధి కుక్కలు కూడా చెవులు మూసుకునేవి. మరిది గొంతు చించుకున్నాడు.

"తొక్కావా?"

"ఆఁ, కానియ్!"

ట్యూబు వెలగలేదు. బల్ల మీద పెట్టాడు, స్టూలు కింద పెట్టాడు, గోడకి ఆనించాడు.

"మళ్ళీ తొక్కు!"

"తొక్కా, తొక్కా!"

పిచ్చుక ట్యూబుని తానే లాక్కుని కడుపుకి హత్తుకుంది. కళ్ళు మూసుకుంది. తెరిచింది. చీకటి. చల్లటి, చక్కటి చీకటి. పోయిన ప్రాణం లేచొచ్చి, స్టూలు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ స్టూలు మీదే మూడు నెలలు కూర్చుంది, ప్లైవుడ్డు గోడకి వీపు ఆనించి, కోట్లు మడతపెడుతూ. వేళ్ళు ఉబ్బితే ఉంగరం తీసి ఇంట్లో పెట్టేసింది. కొత్త రేకు ఇదిగో వస్తోంది, అదిగో వస్తోంది అన్నారు గానీ రాలేదు. గోడ అవతల బావమరిది పెడలు తొక్కినప్పుడల్లా కడుపులో బిడ్డ కదిలేది. ఒక్కోసారి గుండె ఝల్లుమనేది. వెంటనే ఆ చీకటి ట్యూబుని తలుచుకుని, "మిషను పాటకి గంతులేస్తోంది నా బంగారం" అని తనకి తానే ధైర్యం చెప్పుకునేది.

ఎనిమిదో నెల. సెలవు మీద వెళ్ళే రోజు. పిచ్చుక పెద్దమ్మ చేతులు రెండూ పట్టుకుంది.

"ఆ రోజు ట్యూబు వెలగకపోబట్టే ఇన్నాళ్ళూ కుదురుగా కూర్చున్నా పెద్దమ్మా. లేకపోతే భయంతోనే చచ్చేదాన్ని."

పెద్దమ్మ బోసినోరంతా తెరిచి నవ్వింది. ఓనరు దగ్గర్లో లేడని చూసుకుని, చెవి దగ్గరికి వంగింది.

"వెలిగితే నువ్వు దడుచుకుంటావనే, నేనసలు పెడలు తొక్కలేదే పిచ్చితల్లీ!"