పలకల మీద పొగమంచు

ఇంజినీరు జీపు ఘాట్ రోడ్డు ఎక్కుతోందని కబురు అందగానే ఊరు ఊరంతా గంపలు పట్టుకుని సోలార్ పలకల దగ్గరికి పరుగెత్తింది.

"బేగి, బేగి! గింజొక్కటి మిగిలినా మన కొంప మునిగిపోద్ది!" అని అరుస్తున్నాడు ఫల్గుణ. ఊళ్లో పలకలు చూసుకునే బాధ్యత అతనిదే. అంచేత గొంతు కూడా అతనిదే పెద్దది.

సంగతేమిటంటే, ఆ ఊరివాళ్లు పలకల మీద కాఫీ గింజలు ఎండబెడతారు. నేల మీద పోస్తే కోళ్లు కెలుకుతాయి. మట్టి వాసన పడుతుంది. సంతలో షావుకారు వరహాలరావు గుప్పెడు గింజలు ముక్కు దగ్గర పెట్టుకుని, మొహం చిట్లించి, ధర తగ్గించేస్తాడు. పలకల మీదైతే కోళ్లు ఎక్కవు, మట్టి అంటదు, వేడికి కొదవ లేదు. గింజలు జారకుండా కింది అంచున వెదురుబద్ద కట్టారంతే. కాఫీ ఎండేందుకు ప్రభుత్వం ఇంత చక్కటి ఏర్పాటు చేసినందుకు ఊరంతా సంతోషించింది.

కాకపోతే గింజలు పరిస్తే పలకలకి ఎండ తగలదు. ఎండ తగలకపోతే కరెంటు రాదు. కాఫీ రోజుల్లో ఊరు చీకట్లో కూర్చుంటుంది. పిండిమర తిరగదు కాబట్టి చోళ్లు ముందే ఆడించి పెట్టుకుంటారు. ఊళ్లో ఎవరికీ బాధ లేదు.

బాధంతా పైవాళ్లకే. ఏ ఊళ్లో కరెంటు ఎంత పుడుతోందో ఆఫీసు కంప్యూటరుకి ఇట్టే తెలిసిపోతుందట. ఏటా జనవరి వచ్చేసరికి ఈ ఊరి కరెంటు సున్నాకి పడిపోతోంది. అడిగినప్పుడల్లా ఫల్గుణ "పొగమంచు సార్" అని నెట్టుకొచ్చాడు. ఈసారి వాళ్లు నమ్మలేదు. ఇంజినీరు స్వయంగా వచ్చి చూస్తాడనీ, తేడా ఉంటే పలకలు ఊడదీసి అవతలి కొండ మీది ఊరికి ఇచ్చేస్తామనీ గట్టిగా చెప్పారు.

పలకలు పోతే పిండిమరా పోతుంది. అప్పుడు చోళ్ల మూట నెత్తినెత్తుకుని మళ్లీ కొండ దిగాల్సింది ఫల్గుణ పెళ్లామే. ఆమె పేరు కనక. పాపం, ఆ బెంగతో ఆమెకి పొద్దుటి నుంచి అంబలి కూడా సయించలేదు.

ఇంజినీరు వీరభద్రరావు జీపు దిగుతూనే ఉపన్యాసం అందుకున్నాడు. భూమి వేడెక్కిపోతోందన్నాడు. బొగ్గు మానెయ్యాలన్నాడు. రవ్వంత ఎండ కూడా వృథా పోకూడదన్నాడు.

"నేను చెప్పేదొకటీ చేసేదొకటీ కాదు. విశాఖపట్నంలో మా మేడ మీద కూడా ఇవే పెట్టించాను!"

ఊరంతా చప్పట్లు కొట్టింది. భయానికి ఇంకాస్త గట్టిగానే కొట్టింది.

తర్వాత ఆయన పలకల దగ్గరికి నడిచి, ఒకదాని మీద వేలితో రాశాడు. వేలికి జిగురు అంటింది.

"ఏమిటిది?"

"పిట్ట రెట్ట సార్" అన్నాడు ఫల్గుణ తడుముకోకుండా.

ఇంజినీరు వేలు వాసన చూశాడు. "ఈ పిట్ట కాఫీ తాగుతుందా?"

వెనకాల ముసలి బుధు కిసుక్కున నవ్వి, అందరూ తనవైపు తిరిగేసరికి దగ్గు నటించాడు. ఈలోగా ఇంజినీరు వెదురుబద్ద సందులోంచి ఒక గింజ పీకి అరచేతిలో పెట్టుకున్నాడు.

"నిజం చెప్పండి. వీటి మీద గింజలు ఎండబెడుతున్నారు కదూ?"

కనక ఇక ఆగలేకపోయింది.

"ఎండబెడతన్నాం సారు! నేల మీదేస్తే కోళ్లు కెలికేత్తన్నాయి. ఏటి సెయ్యమంతారు? తప్పైపోనాది. పలకలు మాత్రం అట్టుకెళ్లిపోకండి బాబూ, మీకు దండవెడతాను!"

అయిపోయింది, పలకలు పోయినట్టే అనుకున్నాడు ఫల్గుణ.

ఇంజినీరు అటూ ఇటూ చూశాడు. డ్రైవరు దూరంగా జీపు తుడుచుకుంటున్నాడు. ఆయన గొంతు తగ్గించాడు.

"తడిగా వేస్తే పలకకి అంటుకుపోవూ?"

"ఉత్తినే ఏస్తే అంటుకుంతాయి సారు. ముందు పల్సటి గుడ్డ పరిసి, ఆ మీద ఏత్తాం."

"ఏం గుడ్డ?"

"పాత కోక."

"మరకైతే బూడిదతో తోముతారా?"

"అమ్మో, గీతలడిపోవూ! తడిగుడ్డతో తుడిసేత్తాం, అంతే."

ఫల్గుణ వెనక నుంచి కనక చెయ్యి గిల్లాడు. ఈ వెర్రిది నోరు విప్పిన కొద్దీ పలకలు ఒకటొకటే ఊడిపోతున్నట్టుంది అతనికి. ఆమె చెయ్యి విదిలించుకుంది. ఎలాగూ దొరికిపోయాక దాచేదేముంది?

ఇంజినీరు ఇంకాస్త దగ్గరికి జరిగాడు. "మరి కాకులో?"

కనక తెల్లబోయింది. "కాఫీ గింజలకి కాకులెందుకొత్తాయి సారు?"

ఆ మాటకి ఆయన ముఖం ఎందుకో చిన్నబోయింది. ఇంకేమీ అడగలేదు. జీపు బానెట్ మీద కాగితం పెట్టుకుని రాయడం మొదలెట్టాడు. ఫల్గుణ మెడ సాచి చదివాడు. నమ్మలేక మళ్లీ చదివాడు.

"కరెంటు తగ్గడానికి కారణం పొగమంచు. పలకలు ఈ ఊళ్లోనే ఉంచవచ్చు."

కనక కళ్లొత్తుకుంది. బుధు నేల మీద సాగిలపడి పొగమంచుకి మొక్కాడు. ఇంత మంచి ఆఫీసరుని ఎన్నడూ చూడలేదంటూ ఆడవాళ్లు ఆయనకి వేడివేడిగా కాఫీ ఇచ్చారు. ఆయన ఊదుకుంటూ తాగి, బాగుందన్నాడు.

ఆ ఊళ్లో ఫోన్ సిగ్నల్ ఒక్క బండ మీదే దొరుకుతుంది. వెళ్లేముందు ఫల్గుణ చెయ్యి అందిస్తే వీరభద్రరావు ఆ బండెక్కి, భార్యకి ఫోన్ చేశాడు.

"భారతీ, రేపటి నుంచి మేడ మీద పలకలకి ముందు పాత చీర పరిచి ఆ పైన వడియాలు పెట్టు, అస్సలు అంటుకోవట, కాకుల సంగతి మాత్రం వీళ్లకీ తెలీదు!"