పక్కద్దం

"మళ్లీ మసకే! ఊరందరి అద్దాలూ మెరిపిస్తావు, తండ్రి బండి అనేసరికి చేతులు రావా?" స్కూలు వ్యాన్ స్టీరింగ్ ముందు కూర్చుని నాన్న కేకలేశాడు.

నాకూ ఒళ్లు మండింది. వాన చుక్క నిలవకుండా ముందద్దానికి పూసిన మందుని, బిగుసుకోకముందే పొడిగుడ్డతో గీత పడకుండా తుడిచాను. మగ్గుతో నీళ్లు కొట్టి చూపించాను. చుక్కలు బఠాణీల్లా దొర్లిపోయాయి.

"నువ్వే చెప్పు నాన్నా, ఎక్కడుంది మసక?"

"ఎక్కడేంటి! ఈ పక్కద్దం కూడా పాడుచేశావు. ఇందులోంచి చూస్తే గేటు దగ్గరున్నది మనిషో స్తంభమో ఆనట్లేదు. అవతల బడి వదిలే వేళయింది."

అక్కడ అద్దమే లేదు. పొద్దున నేనే పూర్తిగా కిందికి దించాను.

"నాదే పొరపాటు నాన్నా," అన్నాను. "తాళాలు ఇలా ఇవ్వు. ఈ పూట పిల్లల్ని నేను దింపుతాను."