గడప తొక్కే మనిషి

"రేపు నువ్వు మా ఇంటికి రావద్దు," అన్నాడు డంకన్.

గంగన్న చేతిలో చీపురు ఆగిపోయింది. గల్ఫులోని బుదైయాలో స్కాట్లాండు వాళ్ల సంఘం హాలు ఊడ్చే పని అతనిది. డంకన్ ఆ సంఘానికి సెక్రటరీ. నిజం చెప్పాలంటే ఇప్పుడు సంఘమంతా ఆయనొక్కడే. మిగతావాళ్లు ఉద్యోగాలు అయిపోయి ఒక్కొక్కరే స్వదేశం వెళ్లిపోయారు. అయినా శుక్రవారం డాన్సుకని ఎనిమిది కుర్చీలు వేయించి, పాట పెట్టుకుని ఒక్కడే కూర్చుంటాడు.

"రేపు జనవరి ఒకటి గద సార్. నేను రాకుంటే మీ గడప ఎవలు తొక్కుతరు?"

ఇద్దరి హిందీ అంతంతమాత్రమే. పన్నెండేళ్లుగా దాంతోనే నెట్టుకొస్తున్నారు.

కొత్త సంవత్సరంలో ఇంటి గడప తొక్కే మొదటి మనిషి నల్లజుట్టు మగవాడై ఉండాలని వాళ్ల ఆచారం. చేతిలో బొగ్గుముక్క, రొట్టె ఉండాలి. ఎర్రజుట్టువాడు వచ్చాడా, ఏడాదంతా ఆ ఇంటికి అరిష్టమే. డంకన్‌ది పుట్టు ఎర్రజుట్టు. నెరిసి తెల్లబడ్డా ఆ పేరు పోలేదు. ఆ రోజు ఆయన్ని ఎవరూ గుమ్మం ఎక్కనిచ్చింది లేదు. అందుకే సంఘం వాళ్లు గంగన్నని పట్టుకున్నారు. మొదట్లో పద్నాలుగు ఇళ్లు తిరిగేవాడు. పోయినేడు మిగిలింది డంకన్ ఇల్లొక్కటే.

ఊళ్లో పొద్దున్నే గంగన్న ఎదురైతే మొహం తిప్పుకుని పోయేవాళ్లు. ఇక్కడ అదే మొహం కోసం దొరలు ఎదురుచూసేవాళ్లు. ఆ ఒక్కరోజు కోసమే అతను ఏడాదంతా ఓర్చుకునేవాడు.

"జుట్టు నెరిసిందనా సార్?" అని టోపీ తీసి, జేబులోంచి ఒక ప్యాకెట్ బయటికి లాగాడు. "రంగు కొనుక్కున్న. పొద్దుగాల ఏసుకొనే వస్త."

"రంగేస్తే చెల్లుతుందా?"

"ఎందుకు చెల్లది? గడపకు నలుపు కానొస్తె సాలు."

డంకన్ ప్యాకెట్‌ని అటూ ఇటూ తిప్పి చూసి తన జేబులో వేసుకున్నాడు. "అయినా వద్దు. రేపు మీ గదికి ఎవరొస్తారు?"

"అస్కర్ లేబర్ క్యాంపుకు ఎవలొస్తరు సార్? రూమోళ్లు గూడ ఓవర్‌టైంకు పోతరు. నేనొక్కన్నే ఉంట."

"అయితే గదిలోనే ఉండు," అని డంకన్ కారెక్కి వెళ్లిపోయాడు.

రంగు కూడా గుంజుకున్నాడని గంగన్నకి ఏడుపొచ్చింది. పన్నెండేళ్ల మర్యాద ఒక్కమాటతో ఖలాస్.

మర్నాడు తెల్లారకముందే రూమువాళ్లు బస్సెక్కారు. గంగన్న ఇస్త్రీ చేసిపెట్టుకున్న చొక్కా మేకుకే వేలాడుతోంది. గౌరవ్వకి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. పొలంలో ఉందేమో. పెళ్లానికి కూడా తీరిక లేని రోజనుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పది గంటలకు తలుపు చప్పుడైంది. క్యాంపు వాచ్‌మన్ అనుకుంటూ లేచి తీశాడు.

బయట ఎవరో నల్లజుట్టు దొర. ఒక చేతిలో హుక్కా బొగ్గు, ఇంకో చేతిలో రొట్టె. గడపకు అవతలే ఆగిపోయాడు.

"లోపలికి రావచ్చా గంగన్నా?" అన్నాడు డంకన్, చెవి మీదుగా కారుతున్న రంగును మోచేత్తో తుడుచుకుంటూ.