పొయ్యి అక్కర్లేని వంట

“ఏమన్నా, ఈ గొట్టాలు ఇంగా ఎంతసేపు ఉడకల్ల?” గోడ అవతల నుంచి పక్కింటి సిద్దమ్మ అడిగింది.

“పాకెట్టు మీద పది నిమిషాలని ఉండాదమ్మా. మరీ మెత్తగా కాకముందే దించు,” అన్నాడు బుడేన్ సాబ్, ఇవతల ఎండలో పెట్టిన టమాటాల గిన్నె మీది గుడ్డ విప్పి చూస్తూ.

పాస్టా ఉడకబెట్టే పని పొద్దున్నే సిద్దమ్మ తన మీద వేసుకుంది. ఎవరూ అడక్కుండానే వచ్చి పాకెట్టు తీసుకుపోయింది. ఈ ఎండల్లో ఇంట్లో పొయ్యి ముట్టిస్తే మనం కూడా ఉడికిపోతామని ఏడేళ్ల మనవరాలు షీరీన్‌తో చెప్పాడు బుడేన్ సాబ్. గార్లదిన్నె పక్కన ఆ ఊళ్లో మే నెల ఎండ గురించి ఎవరికీ అనుమానం ఉండదు. షీరీన్ తలూపింది.

వారం కిందట జ్వరమని కోడలు షమాను పుట్టిల్లు గుత్తికి తీసుకెళ్లి, అక్కడే ఆస్పత్రిలో చేర్చారు. నిన్న పిల్లను సిద్దమ్మ దగ్గర వదిలి, బుడేన్ సాబ్ ఆమెను చూడ్డానికి పోయి, ఈ తెల్లవారి మొదటి బస్సుకు తిరిగొచ్చాడు. కొడుకు అస్లాం అక్కడే ఉండిపోయాడు.

నిన్నటి నుంచి షీరీన్ మెతుకు ముట్టలేదని సిద్దమ్మ చెప్పింది. ఎలాగైనా ఈ పూట పిల్లకు నాలుగు ముద్దలు తినిపించాలి. అందుకే వాళ్లమ్మ ఎండాకాలంలో చేసే పాస్టా. షమా ఫోన్లో చూసి నేర్చుకుంది. చెట్టు మీదే పండిన టమాటాలు సన్నగా తరిగి, దంచిన తెల్లగడ్డ, ఉప్పు, గానుగ నూనె, కొత్తిమీర కలిపి గంటసేపు ఎండలో పెడితే రసం ఊరుతుంది. వేడివేడి పాస్టా అందులో వేసి కలపడమే.

తెల్లగడ్డ రెబ్బలు ఎన్ని వెయ్యాలో అతనికి తెలియలేదు. షీరీనే మూడు ఒలిచి ఇచ్చింది. పొద్దున్నుంచి పిల్ల అమ్మ ఊసే ఎత్తలేదు. అడిగితే ఏం చెప్పాలా అని బస్సులో దారి పొడుగునా ఆలోచించుకుంటూ వచ్చిన అతనికి అదే పదివేలనిపించింది.

సిద్దమ్మ గోడ మీదుగా సత్తు గిన్నె అందించింది. ఆ గిన్నె వీళ్లదే. పోయినేడు ఆమె మొగుడు చనిపోయినప్పుడు మూడు దినాలు ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. షమా పూటపూటా ఈ గిన్నెలోనే అన్నం తీసుకుపోయింది. వెనకాలే షీరీన్ చారు చెంబు పట్టుకుని నడిచేది. గిన్నె ఇస్తూ సిద్దమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. ఆవిరి కొట్టిందంది.

బుడేన్ సాబ్ కలిపి పళ్లెంలో పెట్టాడు. షీరీన్ ఒక గొట్టం వేలికి తొడుక్కుంది. తీసి మళ్లీ పళ్లెంలోనే పెట్టింది.

“మీయమ్మ చేసినట్టు లేదా?”

“వాసన అట్లే ఉండాది తాతా.”

“మరి తినుమ్మా.”

పిల్ల పళ్లెం వైపే చూస్తూ కూర్చుంది. నూనె అంచులకు చేరింది. పాస్టా చల్లారిపోయింది. వేడిగా ఉంటే తింటుందేమో.

పళ్లెం పట్టుకుని అతను వంటింటి గుమ్మంలో కాసేపు నిలబడ్డాడు. తప్పయితే ఆ తప్పేదో తనకే తగలనీ అనుకున్నాడు. వెచ్చ చేసిస్తా ఉండమని చెప్పి, గూట్లోంచి అగ్గిపెట్టె తీశాడు.

షీరీన్ పరిగెత్తుకొచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

“పొయ్యి ముట్టించొద్దు తాతా, అమ్మకు ఇంగా మూడు దినాలు కాలేదు.”