దసరా చొక్కా

"వేడినీళ్ళు పోయకండి సారలమ్మగారూ" అంది పిట్టగోడ అవతలి నుంచి విజయకుమారి. "రక్తం ఉడికి బట్టని పట్టేస్తుంది. ఇక వదలమన్నా వదలదు. చన్నీళ్ళల్లో గుప్పెడు ఉప్పేసి నానబెట్టండి."

సారలమ్మ చేతిలోని చెంబు కింద పెట్టింది. విజయకుమారి నర్సుగా చేసి రిటైరైన మనిషి. రక్తం సంగతి ఆమెకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? సారలమ్మ బకెట్ కుళాయి కిందికి జరిపింది.

తెల్లచొక్కా. దసరాకని కొడుకు పరుశురాం మొన్ననే కొనుక్కున్నాడు. ఇప్పుడు రొమ్ము మీంచి మోచేతుల దాకా ఎర్రగా ఉంది. ముంచగానే బకెట్‌లో నీళ్ళు రంగు తిరిగాయి.

"ఒక్క కోడికి ఇంత రక్తమా?" అంది విజయకుమారి.

"పుంజు గదక్కా. మా తమ్ముడు ఊర్లకెల్లి తెచ్చిండు. మస్తు బలిసి ఉండె."

విజయకుమారి కాసేపు బకెట్ వైపే చూసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ చూపు సారలమ్మకు నచ్చలేదు. చర్చికి పోయేవాళ్ళు, వాళ్ళకేం తెలుసు? కొత్త బండి కొన్నాక దసరాకు మైసమ్మ ముందు కోడిని కోసి, ఆ నెత్తురు బండికి పెట్టాల్సిందే. తార్నాకలో ఈ సందులో నిలబెట్టిన బండ్లన్నిటికీ ఇవాళ నెత్తురు బొట్లే.

అయినా మనసు కుదుటపడలేదు. పరుశురాంకు కోపం ముక్కు మీద ఉంటుంది. నిన్ననే పార్కింగ్ దగ్గర ఎవడితోనో గొడవపడి వచ్చాడు. ఇవాళ తెల్లవారకముందే పుంజు కాళ్ళు కట్టుకుని, యూనివర్సిటీ క్యాంపస్ లోపలి మైసమ్మ గుడికని కొత్త కారులో వెళ్ళాడు. తిరిగొచ్చినప్పటి నుంచి మంచం అంచున బనియన్‌తో కూర్చుని ఉన్నాడు. ముందున్న చాయ్ చల్లారిపోయింది.

ఆమె తడిచేతులతోనే లోపలికి వచ్చింది.

"కోడేదిరా?"

"గుడికాడ పోరగాళ్ళు అడిగిండ్రు. ఇచ్చేసిన."

"మొత్తమా? జర బుద్ధి ఉండొద్దా? హాస్టల్ల ఆ పిల్లకు కూర తెస్తనని మాటిచ్చిన."

"ఏ పిల్ల?"

"స్నిగ్ధ. పండుగకు అందరు ఊర్లకు పోయిండ్రు. పరీక్షలున్నయని అదొక్కతే ఉన్నది."

సారలమ్మ క్యాంపస్ లేడీస్ హాస్టల్ మెస్‌లో వంట చేస్తుంది. పొయ్యి పక్కనే కూర్చుని కబుర్లు చెబుతూ తినే పిల్ల స్నిగ్ధ. సారలమ్మకు జ్వరమొస్తే గోలీలు పట్టుకుని ఈ ఇంటి దాకా నడిచొచ్చింది. ఆ పిల్లంటే సారలమ్మకు ప్రాణం.

పరుశురాం గ్లాసు అందుకోబోయాడు. సగం చాయ్ నేలపాలైంది.

"ఏంది బిడ్డా, గిట్లున్నవ్? ఎవరినన్న కొట్టొచ్చినవా? నిజం చెప్పు."

"లేదే అమ్మా. ఎన్నడన్న కోడిని కోసిన్నా? ఆ నెత్తురే కండ్లల్ల మెదుల్తున్నది."

ఆమె మళ్ళీ బకెట్ దగ్గరికి వచ్చింది. చొక్కా తిరగేసి ఉప్పు రుద్దుతుంటే కాలర్ కింద ఏదో వేలికి తగిలింది. చిన్న ఎర్రటి ఈక. దాన్ని చూడగానే గుండె మీది బరువు దిగిపోయింది. కన్నకొడుకును అనుమానించినందుకు సిగ్గేసింది.

గేటు చప్పుడైంది. కానిస్టేబుల్ వీరస్వామి.

"ఈ తెల్ల కారు మీదేనా అమ్మా?"

"మాదే సారూ. ఏమైంది?"

"పొద్దుగాల క్యాంపస్ల వాకింగ్‌కు వచ్చిన పిల్లను ఒక కారు గుద్దింది. గుద్దినోడు దిగి, ఆమెను ఎత్తి రోడ్డు పక్కకు పండబెట్టి పోయిండు. దవాఖానకు తీసుకపోతే వాని సొమ్మేం పోతుండె? ఎవరూ చూడక చానసేపు అట్లనే వడి ఉన్నది. తెల్ల కారు తార్నాక దిక్కు మళ్ళిందంటున్నరు."

"ఎవలా పిల్ల?"

"హాస్టల్ల ఉంటదట. పేరు స్నిగ్ధ."

సారలమ్మ గేటు పట్టుకుంది. "పానం ఉన్నదా సారూ?"

"ఉన్నది. సోయి లేదు. డాక్టర్లు ఏం చెప్తలేరు."

"వాని చేతులు పడిపోను. వాన్ని కన్నతల్లి మన్నువడ" అంటూ ఏడ్చేసింది సారలమ్మ. లోపల స్టీలు గ్లాసు కిందపడి దొర్లింది.

వీరస్వామి కారు చుట్టూ తిరిగాడు. చక్రాలకు పసుపు, కుంకుమ. బంపర్ మీద ఎండిన నెత్తురు. బంతిపూల దండ ఎడమ లైటు మీదికి ముద్దగా జారి ఉంది.

"ఇయ్యాల ఏ బండి చూసినా నెత్తురే" అని విసుక్కున్నాడు. "ఎట్ల పట్టుకోవాలె? ఆ బకెట్ల ఏంది?"

"నా కొడుకు చొక్కా. మైసమ్మకు కోడిని కోసిండు. ఇగో, ఈక కూడ ఉన్నది చూడుండ్రి." సారలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని ఈక చూపించింది. "మైసమ్మ తోడు సారూ. అది నా బిడ్డ అసోంటిది. నా కొడుకే చేసి ఉంటే నేనే మీకు పట్టిద్దును."

ఆమె ముఖం చూశాక వీరస్వామికి ఇంకేం అడగాలనిపించలేదు. ఫోన్ నంబర్ తీసుకుని పక్క సందులోకి వెళ్ళిపోయాడు.

సారలమ్మ చొక్కాను మళ్ళీ మళ్ళీ జాడించింది. విజయకుమారి చెప్పింది నిజమే, ఒక్క చుక్క కూడా మిగల్లేదు. గట్టిగా పిండి, కారు వెనక భాగం మీదుగా కట్టిన తీగకు ఆరేసింది.

"లే బిడ్డా, కారు తియ్యి. ఆ పిల్లను చూసొద్దాం" అని కేకేసింది.

చొక్కా అంచులోంచి తేట నీళ్ళు బొట్లు బొట్లుగా కారు మీద పడుతున్నాయి.

డిక్కీలో కోడి కూసింది.