కర్ణిక్ సార్ చొక్కా

“చూశావా ముగ్ధా? మళ్ళీ మూలకెళ్ళి నక్కింది,” అన్నాడు కర్ణిక్ సార్.

పెట్టెలో ఎలుక కదల్లేదు. గొట్టంలోంచి అరటిపండు వాసన వస్తోంది. ఆ వాసన వచ్చినప్పుడు వెళ్ళి నాలుక పెడితే నీటిబొట్టు దొరుకుతుంది. అనాసపండు వాసనకు పెడితే ఏమీ ఉండదు. ముగ్ధ నేర్పిన ఎలుకలు ఈ తేడా ఇట్టే పట్టేస్తాయి. ఎప్పుడూ ఉండే వాసనలను నొక్కేసి, ఒక వాసన ఇంకోదానిలో కలిసిపోకుండా అదుపు చేసే కణాలు వాటి మెదడులో ఉంటాయి. నీలి దీపం వేసి ఆ కణాలను ఆపేస్తే ఎలుకకు రెండు పళ్ళూ ఒకటే అయిపోతాయి. ముగ్ధ పరిశోధనంతా అదే. కానీ సార్ చూడటానికి వచ్చినప్పుడల్లా దీపం వేయకముందే ఎలుక ముడుచుకుపోతుంది.

“నిన్న బాగా చేసింది సార్.”

“నిన్న నేను లేను.”

“కెమెరాలో ఉంది సార్.”

“మంచివి ఏరి పెట్టుకుంటే ఎవరి కెమెరాలోనైనా ఉంటాయి. నీ ఒక్కదాని ముందే పాఠం అప్పజెప్పే ఎలుకలా ఇవి? సాయంత్రంలోగా నా ముందు చేయించు. లేదంటే అంకెలు కల్పించావని కమిటీకి రాస్తాను.”

ఆయన గైడు. ఆయన అలా రాస్తే పుణేలోనే కాదు, ఎక్కడా ఏ ల్యాబూ ఆమెను గడప తొక్కనివ్వదు. ముగ్ధకు ఏడుపొచ్చింది. అక్కలా ‘తాయీ’ అని పిలుచుకునే సీనియర్ గార్గి దగ్గరికి పరిగెత్తింది.

“సార్ ఒంటి వాసనేమో తాయీ. మగవాళ్ళ వాసనకు ఎలుకలు బెదురుతాయంటారుగా.”

“ఎలుకల కోసం మనం తలలో మల్లెల గజ్రాలు మానేశాం, వెల్లుల్లి చట్నీ మానేశాం. ఆయన్నేం మానెయ్యమంటావు? వెళ్ళి చెప్పు మరి.”

“నువ్వే చెప్పు తాయీ. నీకు పుణ్యముంటుంది.”

గార్గి వెళ్ళి, సార్ వాసన ఒక్కటే ఎలుక దగ్గర పెట్టి చూద్దామని చెప్పింది. కర్ణిక్ సార్‌కు కోపం రాలేదు. ఎంత మొండివాడైనా పరీక్షించి చూద్దామంటే కాదనడు. పొద్దుటి నుంచీ వేసుకున్న చొక్కా విప్పి ఇచ్చి, తెల్లకోటు మెడదాకా బొత్తాలు పెట్టుకుని తన గదిలో కూర్చున్నాడు.

ముగ్ధ ఆ చొక్కాను పెట్టె పక్కనే వేలాడదీసి తలుపు వేసుకుంది. అరటిపండు వాసన వచ్చింది. ఎలుక గబగబా వచ్చి నీళ్ళు నాకింది. అనాసకు ఊరుకుంది. మళ్ళీ అరటికి నాకింది. ఒక్క తప్పు లేదు. ఎలుక బాగా చేసినందుకు గుండె జారిపోవడం ఆమెకు అదే మొదటిసారి.

“నా చొక్కాకు బెదరనిది నాకు బెదురుతుందా?” అంటూ సార్ లోపలికి వచ్చాడు. ఎలుక మూలకు పోయింది.

ఆయన ఎలుకనూ ముగ్ధనూ మార్చి మార్చి చూశాడు.

“నువ్వు బయటికి వెళ్ళు. గార్గీ, నువ్వు కూర్చో.”

ముగ్ధ వరండాలో నిలబడి తలుపు అద్దంలోంచి చూసింది. సార్ చొక్కా తొడుక్కుని గార్గి నెత్తి మీదే నిలబడ్డాడు. కొంతసేపటికి ఎలుక లేచింది, ముక్కు ఆడించింది, వెళ్ళి నీళ్ళు నాకింది. ఆయన కళ్ళ ముందే అన్నీ సరిగ్గా చేసింది. అంటే ఎలుకలో తప్పు లేదు, సార్‌లో తప్పు లేదు. ఇక మిగిలింది తనే.

గార్గి బయటికొచ్చి ఆమె భుజం దగ్గర ముక్కు పెట్టింది.

“పిచ్చిదానా, అది సార్‌కు బెదరట్లేదే. ఆయన వెనకాల నిలబడగానే నీకు చెమటలు పడుతున్నాయి చూడు, ఆ భయం వాసనకు బెదురుతోంది.”

ముగ్ధ చున్నీ వాసన చూసుకుంది. ఏమీ తెలియలేదు. రోజూ ఉండే వాసనలను మనకు తెలియకుండా నొక్కేసే కణాల మీదే ఆమె పిహెచ్‌డి.

వెనక కర్ణిక్ సార్ అంతా విన్నాడు. మొదటిసారి ఆయన ముఖం మెత్తబడింది. దగ్గరికొచ్చి ఆమె తల నిమిరాడు.

“ఇంత చిన్న విషయమా తల్లీ? రేపు భయపడకుండా చేసి చూపించు చాలు, కమిటీ వాళ్ళందర్నీ కూడా పిలిచి నీ వెనకాలే నిలబెడతాను.”