కంటికి కనపడని పనితనం

“బిస్కెట్లు అడ్డంగా కాదే, నిలువుగా తొయ్యి,” అన్నాడు డిజైనరు గోడ లోపలినుంచి.

గాలి సందులోంచి భార్య ఒక్కొక్కటే లోపలికి జారవిడిచింది. కొత్త హోటలుకు ఆయన చేసిచ్చిన నమూనా గది అది. లోపలా బయటా ఒకే తెల్లదనం. నిన్న పొద్దున లోపలికి వెళ్లిన మహానుభావుడు ఇంకా బయటికి రాలేదు.

“ఇదేం తపస్సండీ? ఇంటికొచ్చి రెండు ముద్దలు తిని మళ్లీ కూర్చోకూడదూ?”

“నీకు తెలీదు. చేసినవాడు ముందు తనే అందులో బతికి చూడాలి. అది నా సిద్ధాంతం.”

ఆ సిద్ధాంతాలతో ఆవిడ పడిన పాట్లు పగవాళ్లకు కూడా వద్దు. మంచి పనితనం కంటికి కనపడకూడదంటాడు. ఇంట్లో స్విచ్చులు గోడరంగులో కలిపేస్తే, మామగారు ఫ్యాను వెయ్యబోయి వారంరోజులు గోడంతా నొక్కారు. ఒక డాక్టరుకు వీపు ఆనని కుర్చీలు చేసిచ్చాడు. ఆ డాక్టరుకు నడుంనొప్పి రోగులు పెరిగారు గానీ, ఈయనకు పనులు తగ్గిపోయాయి. ఏడాదిగా పిలిచి పనిచ్చినవాడు లేడు. ఈ హోటలు నలభై గదులూ దక్కకపోతే బావమరిది ఫర్నిచరు కొట్లో కొలతలు రాసుకుంటానని ఆవిడకు ఒట్టేశాడు.

ఇంతలో హోటలు యజమాని రానే వచ్చాడు.

“ఆయనేరమ్మా?”

“లోపలే. నిన్నటినుంచీ అక్కడే కాపురం.”

అతను గోడకు నోరు ఆనించాడు. “గురువుగారూ, ఒక్కసారి బయటికి రండి!”

“ఇప్పుడు రాలేను.”

“పోనీ, నేనే లోపలికొస్తాను.”

“అయ్యయ్యో, వద్దు! మధ్యలో వస్తే చేసిందంతా చెడుతుంది.”

“ఇంకా ఎన్నాళ్లు పడుతుందండీ?”

“అది నా చేతుల్లో లేదు.”

యజమానికి కళ్లు చెమర్చాయి. “నిన్న ఇంకో డిజైనరు బొమ్మలు చూపించి, టీ తాగి చక్కా పోయాడమ్మా. పనంటే ఇదీ! నలభై గదులూ ఈయనకే!”

ఒప్పందం కాగితం సందులోంచి తోశాడు. సంతకంతో తిరిగొచ్చింది. అతను గోడకు దణ్ణం పెట్టి మరీ వెళ్లాడు.

ఆవిడ గుండెలమీంచి బండ దిగినట్టయింది. కళ్లు తుడుచుకుని సందు దగ్గరికి వంగింది.

“గెలిచారండీ! ఆయన వెళ్లిపోయాడు. మీ సిద్ధాంతం చల్లగుండ, ఇంక బయటికి రండి.”

లోపలినుంచి గోడ తడుముతున్న చప్పుడు వినిపించింది.

“తలుపు ఎక్కడ పెట్టానో దొరికితే కదే!”